పుట్టినరోజు: ఆచారమా, ఆరాధనా?

కోస్తా జిల్లాలోని ఒక చిన్న పట్టణంలో మాకు బాగా పరిచయమున్న కుటుంబం ఒకటి ఉంది. ఆ ఇంటి చిన్నపాపకు ఏడేళ్లు నిండిన రోజున జరిగిన సంఘటనే ఈ వ్యాసానికి కారణం.

పాప చదివే బడిలో ఒక అలవాటు ఉంది. పుట్టినరోజు వచ్చిన విద్యార్థి ఆ రోజు యూనిఫాం వేసుకోనక్కరలేదు. రంగు దుస్తుల్లో వచ్చి తరగతిలో అందరికీ చాక్లెట్లు పంచుతాడు. ఏడాది పొడవునా తోటి పిల్లలిచ్చిన చాక్లెట్లు తిన్న పాప తన వంతు కోసం ఎదురు చూసింది. దాదీ చాక్లెట్ల ప్యాకెట్టు కొని ఉంచింది. అయితే గత కొంతకాలంగా ధార్మిక ప్రసంగాలకు క్రమం తప్పకుండా హాజరవుతున్న తండ్రి ఆ ఉదయం ప్యాకెట్టును అల్మారాలో పెట్టి తాళం వేశారు. పాపను మామూలు యూనిఫాంలోనే బడికి పంపారు. సాయంత్రం పాప మేనమామ కేకు పెట్టె పట్టుకుని గుమ్మంలోకి వచ్చారు. “ఇది బిద్అత్, నా ఇంట్లోకి రావడానికి వీల్లేదు” అన్నారు తండ్రి. “దూల్హాభాయ్, నిరుడు ఇదే ఇంట్లో, ఇలాంటి కేకునే మీరే దగ్గరుండి కోయించారు కదా!” అన్నారు మేనమామ. మాటకు మాట పెరిగింది. కేకు పెట్టె వాకిట్లోనే ఉండిపోయింది. ఆయన వెనుదిరిగి వెళ్లిపోయారు. అది మొదలు నాలుగు నెలలుగా రెండిళ్ల మధ్య రాకపోకలు లేవు.

ఇటీవల ఆ ఇంటికి వెళ్లినప్పుడు దాదీ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని అడిగిన ప్రశ్న ఇది: “బేటా, కేకు కోయడం పెద్ద పాపమా, బంధుత్వం కోయడం పెద్ద పాపమా?”

ఆ తల్లి ప్రశ్నకు సమాధానం చెప్పాలంటే ముందు ఆ తండ్రి వాదాన్ని న్యాయంగా వినాలి. ఆయన ఉద్దేశంలో లోపం లేదు. “నా బిడ్డకు మన పండుగలు రెండేనని నేర్పాలనుకున్నాను” అన్నారు ఆయన నాతో. ఈ మాటకు బలమైన ఆధారమే ఉంది. మహాప్రవక్త (స) మదీనాకు వలస వచ్చినప్పుడు అక్కడి ప్రజలు ఏటా రెండు రోజులు ఆటపాటలతో గడుపుకోవడం చూశారు. అజ్ఞానకాలం నుండి వస్తున్న ఆనవాయితీ అని వారు చెప్పగా, ఆ రెండింటికి బదులుగా అల్లాహ్ అంతకంటే మేలైన రెండు రోజులను, అంటే ఈదుల్ ఫిత్ర్, ఈదుల్ అజ్‌హా పండుగలను ప్రసాదించాడని ఆయన (స) తెలియజేశారు. హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు అబూదావూద్ గ్రంథంలో ఉంది. పండుగ అనేది ప్రజలు తమకు తోచినట్లు కల్పించుకునే విషయం కాదనే సూచన ఇందులో ఉంది.

అయితే ఒక గృహస్థు తన బిడ్డ పుట్టిన తేదీన ఇంట్లో నలుగురికి మిఠాయి పంచితే అది ‘ఈద్’ అనే మాట కిందికి వస్తుందా? పండితుల భేదాభిప్రాయమంతా ఈ ఒక్క చోటే ఉంది. దాన్ని తేల్చుకోకుండా నేరుగా ‘బిద్అత్’ అనే మాటను ఎత్తుకోవడం వల్లనే ఆ వాకిట్లో తగవు పుట్టింది.

బిద్అత్ అనేది తేలికైన మాట కాదు. ఎవరైనా మన ఈ ధర్మవిషయంలో దానికి చెందని దాన్ని కొత్తగా కల్పిస్తే అది తిరస్కరించబడుతుందని దైవప్రవక్త (స) హెచ్చరించారు. హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉంది. ఇందులోని ‘ధర్మవిషయం’ అనే షరతును మనం తరచూ మరచిపోతాం. ధర్మం పరిపూర్ణమైంది కనుక దైవసామీప్యం పొందే మార్గాలను మన తరఫున చేర్చడానికి గాని, తగ్గించడానికి గాని అవకాశం లేదు. ఇక తిండి, దుస్తులు, ఇల్లు, ప్రయాణం, వ్యాపారం వంటి లౌకిక వ్యవహారాల్లో నిషేధించబడనిదంతా ధర్మసమ్మతమే. ఆరాధనలో అనుమతికి ఆధారం కావాలి. ఆచారంలో నిషేధానికి ఆధారం కావాలి. ఫిఖ్‌హ్ చదివిన వారందరికీ తెలిసిన సూత్రమిది.

ఈ తేడాను ఒక చిన్న సంఘటన ఎంతో చక్కగా విశదం చేస్తుంది. ఒకరోజు దైవప్రవక్త (స) ప్రసంగిస్తుండగా ఒక వ్యక్తి ఎండలో నిలబడి ఉండటం గమనించారు. ఆయన పేరు అబూ ఇస్రాయీల్. కూర్చోకుండా, నీడకు పోకుండా, ఎవరితోనూ మాట్లాడకుండా ఉపవాసం పాటిస్తానని ఆయన మొక్కుకున్నారని అనుచరులు చెప్పారు. ఆయనను మాట్లాడమని, నీడకు వెళ్లమని, కూర్చోమని చెప్పండి. ఉపవాసాన్ని మాత్రం పూర్తి చేసుకోమనండి అని ప్రవక్త (స) ఆదేశించారు. ఎండలో నిలబడటం దానంతట అది పాపం కాదు. పొలంలో రైతు రోజూ నిలబడతాడు. కాని అలా నిలబడితే అల్లాహ్ సంతోషిస్తాడని భావించి దాన్ని ఆరాధనగా చేసుకోవడాన్ని ప్రవక్త (స) అంగీకరించలేదు. ధర్మం నేర్పిన ఉపవాసాన్ని ఉంచారు, మనిషి జోడించిన వాటిని తొలగించారు. బిద్అత్ రూపురేఖలు ఈ ఉదంతంలో ఉన్నంత స్పష్టంగా పెద్ద గ్రంథాల నిర్వచనాల్లో కూడా కనిపించవని నాకనిపిస్తుంది.

నిర్వచనాల్లో విద్వాంసులు రెండు దారులు తొక్కారు. ఇమామ్ షాఫియీ (రహ్మలై) కొత్త విషయాలను మెచ్చదగినవి, గర్హించదగినవి అని విభజించారు. తర్వాత ఇజ్జుద్దీన్ ఇబ్ను అబ్దిస్సలామ్ (రహ్మలై) వాటిని ఐదు తరగతులు చేశారు. రమజాన్ రాత్రుల్లో విడివిడిగా నమాజు చేసుకుంటున్న వారిని హజ్రత్ ఉమర్ (రజి) ఉబయ్ బిన్ కఅబ్ (రజి) వెనుక ఒకే జమాఅత్‌గా సమీకరించి, ఆ దృశ్యాన్ని చూసి ఇది మంచి కొత్త ఏర్పాటని మెచ్చుకోవడం వీరికి ఆధారం. రెండవ వర్గంలో ప్రముఖులు హిజ్రీ 790లో మరణించిన అందలూసియా పండితులు ఇమామ్ షాతిబీ (రహ్మలై). ధర్మంలో మంచి బిద్అత్ అంటూ ఏదీ ఉండదని, తరావీహ్‌కు మూలం ప్రవక్త (స) ఆచరణలోనే ఉంది గనుక హజ్రత్ ఉమర్ (రజి) ఆ పదాన్ని భాషాపరమైన అర్థంలోనే వాడారని వీరి వివరణ. ఆ రమజాన్‌లో ప్రవక్త (స) కొన్ని రాత్రులు జమాఅత్‌తో నడిపించి, అది విధిగా మారిపోతుందేమోనని ఆపిన సంగతి ప్రసిద్ధమే. మాటల్లో ఎంత తేడా ఉన్నా, కొత్తగా ఆరాధనను కల్పించడం తప్పు అనే విషయంలో ఈ రెండు వర్గాలూ ఒక్కటే.

మరి కేకు కోసే మేనమామ దాన్ని ఆరాధనగా భావించారా? కొవ్వొత్తి ఆర్పితే పుణ్యం వస్తుందని ఎవరైనా అనుకుంటారా? అందువల్ల పుట్టినరోజు వేడుకపై అసలైన అభ్యంతరం బిద్అత్ కాదు. అది పరుల అనుకరణ, దుబారా అనే రెండు విషయాలకు సంబంధించింది. ఏదైనా జాతిని అనుకరించేవాడు వారిలోని వాడే అవుతాడన్న హదీసును హజ్రత్ ఇబ్ను ఉమర్ (రజి) ఉల్లేఖించారు. వేడుకను నిషేధించే పండితులు ప్రధానంగా దీనిపైనే ఆధారపడతారు.

చరిత్ర చూస్తే ఈ ఆచారం పలు దారుల్లో మన ఇళ్లకు చేరింది. కేకుపై కొవ్వొత్తులు వెలిగించే అలవాటు 18వ శతాబ్దపు జర్మనీలో కనిపిస్తుంది. మన ఉర్దూ ఇళ్లలో వాడే ‘సాల్‌గిరా’ మాటకు అర్థం ‘ఏటి ముడి’. ఏటా దారానికి ఒక ముడి వేసి వయసు లెక్కించే పాత పద్ధతి నుండి అది వచ్చింది. మొగల్ చక్రవర్తులు పుట్టినరోజున తమను తాము బంగారం, వెండి తదితర వస్తువులతో తూకం వేయించుకునేవారు. ఈ దేశపు రాజుల తులాదానాన్ని చూసి అక్బర్ చేపట్టిన ఆచారమది. జహంగీర్ తులాభారాన్ని 1617లో ఇంగ్లండు రాయబారి సర్ థామస్ రో మాండూలో కళ్లారా చూశాడు. ఔరంగజేబు తన కాలంలో దాన్ని ఆపివేశాడు. అంటే కేకు రాకముందే ఈ చర్చ మన గడ్డపై ఉందన్నమాట.

నేటి పండితుల్లోనూ ఏకాభిప్రాయం లేదు. షేఖ్ ఇబ్ను బాజ్ (రహ్మలై) పుట్టినరోజు వేడుకలను గట్టిగా నిషేధించారు. దేవ్‌బంద్ ఉలమా షరీఅత్‌లో దీనికి ఆధారం లేదని, పరుల ఆచారమని అంటారు. ఈజిప్టు దారుల్ ఇఫ్తా ఇందులో నిషిద్ధమైన పనులు లేనంత వరకు తప్పులేదంటుంది. 2008లో సఊదీ పండితుడు సల్మాన్ అల్ ఔదా పుట్టినరోజును పండుగగా భావించకుండా జరుపుకుంటే ఫరవాలేదని చెప్పగా, ఆ దేశపు గ్రాండ్ ముఫ్తీ దాన్ని ఖండించారు. ఇరుపక్షాలవారూ విద్యావంతులే, ఇరువురి దగ్గరా ఆధారాలున్నాయి. ఇటువంటి చోట మనకు నచ్చిన అభిప్రాయాన్ని మనం పాటించవచ్చు; ఎదుటివాణ్ణి బిద్అతీ అని పిలిచే హక్కు మాత్రం మనకు లేదు. వ్యక్తిగతంగా నేను ఈ వేడుకకు దూరంగా ఉండటమే మేలని భావిస్తాను. దానికి నా కారణం వేరు, ముందు చెబుతాను.

మీలాద్ సంగతి ఇంతకంటే సున్నితమైనది. అక్కడ ఆరాధన భావం కలుస్తుంది. సోమవారపు ఉపవాసం గురించి అడిగినప్పుడు తాను పుట్టింది, తనపై దివ్యవాణి అవతరించింది ఆ రోజునేనని ప్రవక్త (స) చెప్పిన మాట ముస్లిం గ్రంథంలో ఉంది. మీలాద్‌ను సమర్థించేవారు దీన్ని చూపుతారు. ఆయన (స) తన జననాన్ని ఉపవాసంతో, అదీ వారం వారం స్మరించారు తప్ప ఏటా వేడుకతో కాదని కాదనేవారు బదులిస్తారు. సహాబా కాలంలో ఈ వేడుక లేదన్నది అందరూ ఒప్పుకునే విషయం. హజ్రత్ ఉమర్ (రజి) తన ఖిలాఫత్ కాలంలో ముస్లింల శకానికి ఆరంభం నిర్ణయించడానికి సంప్రదింపులు జరిపినప్పుడు ప్రవక్త (స) జననం కూడా ప్రస్తావనకు వచ్చింది. కాని సహాబా ఎంచుకున్నది హిజ్రత్‌ను. ఈజిప్టును ఏలిన ఫాతిమీల కాలంలో మీలాద్ రాజలాంఛనాలతో జరిగింది. తర్వాత ఇరాక్‌లోని ఇర్బిల్ పాలకుడు, సలాహుద్దీన్ అయ్యూబీ బావమరిది అయిన ముజఫ్ఫరుద్దీన్ దాన్ని ఘనంగా నిర్వహించాడు. మాలికీ పండితులు తాజుద్దీన్ ఫాకిహానీ (రహ్మలై) దాన్ని గర్హిస్తూ ఒక పుస్తకం రాస్తే, ఇమామ్ సుయూతీ (రహ్మలై) సమర్థిస్తూ దానికి బదులు రాశారు. ఇమామ్ ఇబ్ను తైమియా (రహ్మలై) దాన్ని కొత్త కల్పనగానే ఎంచారు. అయినా ప్రవక్త (స) పట్ల ప్రేమతో, సదుద్దేశంతో చేసే కొందరికి ఆ ప్రేమకు ప్రతిఫలం దక్కవచ్చని కూడా ఆయనే రాశారు. బిద్అత్‌ను అంత తీవ్రంగా ఎదిరించిన వ్యక్తి కలం నుండి ఈ వాక్యం వచ్చిందంటే మనం ఆగి ఆలోచించాలి.

మన హైదరాబాద్ విషయమే చూడండి. 2023లో మీలాద్, గణేశ్ నిమజ్జనం సెప్టెంబరు 28న ఒకే రోజున రాగా, ముస్లిం పెద్దలు ఊరేగింపును అక్టోబరు 1కి వాయిదా వేశారు. మరుసటి ఏడు కూడా అదే కారణంతో సెప్టెంబరు 19కి మార్చుకున్నారు. పొరుగువారితో సామరస్యం కోసం తీసుకున్న ఆ నిర్ణయం ప్రశంసనీయం. ఈద్ నమాజును నిమజ్జనం కోసం మూడు రోజులు జరపగలమా? జరపలేం. ఊరేగింపును జరపగలిగామంటే అది ఆచారమే తప్ప నిర్ణీత ఆరాధన కాదని దాన్ని నిర్వహించేవారే ఆచరణలో ఒప్పుకున్నట్లయింది.

ఇప్పుడు నా కారణం చెబుతాను. బిడ్డ పుట్టుకను సంతోషంగా జరుపుకునే పద్ధతిని ఇస్లాం మనకు ఇవ్వకపోలేదు. ఏడవ రోజున అఖీఖా జబహ్ చేయడం, తల వెంట్రుకలు తీయించడం, పేరు పెట్టడం హజ్రత్ సముర (రజి) ఉల్లేఖనంలో ఉన్నాయి. మగబిడ్డకు రెండు, ఆడబిడ్డకు ఒకటి చొప్పున గొర్రెనో మేకనో జబహ్ చేయడం సున్నత్. హజ్రత్ ఫాతిమా (రజి) తన బిడ్డల వెంట్రుకల తూకానికి సమానమైన వెండిని దానం చేశారు. మొగల్ చక్రవర్తి తన దేహమంతా తూచుకున్న త్రాసుకూ, చారెడు పసి వెంట్రుకలు తూచిన ఈ త్రాసుకూ ఎంత దూరం! మన ఇళ్లలో నేడు జరుగుతున్నది ఏమిటి? ‘చేతిలో డబ్బు లేదు, తర్వాత చూద్దాం’ అని అఖీఖాను వాయిదా వేస్తారు. అదే బిడ్డకు ఏడాది నిండేసరికి ఫంక్షన్ హాలు, బిర్యానీ, వీధి మలుపులో బిడ్డ ఫోటోతో ఫ్లెక్సీ. వడ్డీకి అప్పు తెచ్చి మొదటి పుట్టినరోజు చేసిన కుటుంబాలను నేనెరుగుదును. దుబారా చేసేవారిని దివ్యఖుర్‌ఆన్ షైతాను సోదరులుగా పేర్కొంది (బనీ ఇస్రాయీల్ సూరా). వడ్డీ విషయంలో దాని హెచ్చరిక ఎంత భయంకరమైనదో చెప్పనక్కరలేదు. కేకు గురించి ఖచ్చితమైన నిషేధం ఎక్కడుందని వెదికే మనం ఖచ్చితమైన నిషేధం ఉన్న వడ్డీని చాటుగా ఇంట్లోకి రానిస్తున్నాం. నేను వద్దనేది ముఖ్యంగా దీన్ని. ఒకసారి మొదలైన వేడుక పక్కింటివారితో పోటీగా మారి పేదవాడి మెడకు ఉచ్చవుతుంది.

ఇకపోతే, బడిలో హిందూ, క్రైస్తవ మిత్రులు ఇచ్చిన చాక్లెట్టును పిల్లలు తీసుకోవచ్చా అని తల్లులు అడుగుతుంటారు. అది పూజాద్రవ్యం కాదు, స్నేహంతో ఇచ్చిన హలాల్ వస్తువు. తీసుకుని కృతజ్ఞత చెప్పమనండి. పొరుగువారి కానుకను చిన్నచూపు చూడవద్దని మన ప్రవక్త (స) నేర్పారు. తన వంతు వచ్చినప్పుడు ఇవ్వకుండా ఏడాదంతా తినడం పసిమనసుకు ఎంత కష్టమో కూడా తల్లిదండ్రులు తెలుసుకోవాలి. పుట్టినరోజున కాకుంటే ఈద్ మరునాడు ఆ చాక్లెట్లే పంచనివ్వండి. ఇది ముందుగా చెప్పి పిల్లల్ని సిద్ధం చేయవలసిన విషయం. ఆ ఉదయాన అల్మారాకు తాళం వేసి నేర్పే విషయం కాదు.

వయసు లెక్కించడం తప్పేమీ కాదు. నిజానికి అది ధార్మిక అవసరం. హజ్రత్ ఇబ్ను ఉమర్ (రజి) ఉహద్ యుద్ధానికి పద్నాలుగేళ్ల వయసులో వస్తే ప్రవక్త (స) అనుమతించలేదు. ఖందక్ నాటికి పదిహేనేళ్లు కాగా అనుమతించారు. ఖలీఫా ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ (రహ్మలై) దీన్నే బాలునికీ, పెద్దవానికీ మధ్య హద్దుగా తీసుకున్నారు. యుక్తవయసు లక్షణాలు అంతకుముందు కనిపించకపోతే పదిహేనేళ్లకు నమాజు, ఉపవాసం విధి అవుతాయని అధిక సంఖ్యాక ఫుఖహా అభిప్రాయం. అయితే ఇవి చాంద్రమాన సంవత్సరాలు. చాంద్ర సంవత్సరం సుమారు 354 రోజులు. కనుక మన క్యాలెండరు ప్రకారం అది సుమారు పద్నాలుగేళ్ల ఆరున్నర నెలలకే వచ్చేస్తుంది. పదిహేనో కేకు కోసే నాటికి ఆ అబ్బాయి ఖాతాలో దాదాపు ఐదున్నర నెలల ఫర్జ్ నమాజులు లెక్కకు వచ్చి ఉంటాయి. కొవ్వొత్తులు లెక్కపెట్టిన వారెవరూ వాటిని లెక్కపెట్టి ఉండరు.

ఈ లెక్కనే ఆ తండ్రి ముందు కాగితంపై వేసి చూపించాను. పిల్లలకు ఏడేళ్లు రాగానే నమాజు చేయమని చెప్పాలన్నది ప్రవక్త (స) ఆదేశం. హిజ్రీ లెక్కలో పాపకు ఏడేళ్లు నిండింది కేకు తగవు జరిగిన రోజున కాదు, దానికి 76 రోజుల ముందే. ఆ రోజు ఇంట్లో ఎవరికీ గుర్తు లేదు. ఆయన చాలాసేపు కాగితం వైపే చూస్తూ ఉండిపోయారు. తర్వాత, “ఆ కబురు నేను చెప్పాల్సింది, కేకు కబురు కాదు” అన్నారు మెల్లగా. ఒక ముస్లిం తన సోదరునితో మూడు రోజులకు మించి మాటలు మానడం ధర్మసమ్మతం కాదని, బంధుత్వాన్ని తెంచేవాడు స్వర్గంలో ప్రవేశించడని వచ్చిన హదీసులను నేను గుర్తుచేయవలసిన అవసరం రాలేదు. అవి ఆయనకు నాకంటే బాగా తెలుసు.

దాదీ అప్పటికే పాత చీర అంచుతో చిన్న జానమాజ్ కుడుతోంది. ఆ రోజున అందరినీ పిలిచి, పూలదండలు వేసి, పాపకు మొదటి నమాజు వేడుక చేద్దామని ఆమె కోరిక. నాలుగేళ్ల నాలుగు నెలల నాలుగు రోజులకు బిస్మిల్లా వేడుక చేసే మన ఇళ్ల అలవాటు ఆమె మనసులో ఉంది. దానికీ సున్నత్‌లో ఆ తేదీ లేదు. పండుగ వద్దన్న చోట మరో పండుగ పుట్టుకొచ్చేలా ఉందని కొడుకు నవ్వారు. నాకూ నవ్వు వచ్చింది. పూలదండలు వద్దనుకున్నారు, జానమాజ్ ఉండనిచ్చారు.

ఆ శుక్రవారం జుమా తర్వాత తండ్రి అల్మారా తాళం తీశారు. నాలుగు నెలల నాటి ప్యాకెట్టులోని చాక్లెట్లు ఎండకు కొంచెం కరిగి మళ్లీ గట్టిపడ్డాయి. పాప ఒకటి నోట్లో వేసుకుని బాగానే ఉన్నాయంది. మిగిలినవి జేబురుమాలులో మూటగట్టుకుని తండ్రి స్కూటరు వెనక కూర్చుని మేనమామ ఇంటికి బయలుదేరింది.